బట్టీ దగ్గర విన్న పెద్ద మాట

ఈ మధ్య కొందరు పిల్లలు ఫోన్ చేసి, "మేడం, మేమూ రివ్యూయర్లం కావాలనుకుంటున్నాం, ఏం చదవాలి?" అని అడుగుతున్నారు. ఏం చదవాలో చెప్పడం తేలిక. ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో చెప్పడమే కష్టం. దానికి నా దగ్గర పుస్తకం లేదు, ఒక అనుభవం ఉంది. నరసరావుపేటలో మేం పెట్టిన ఆఖరి ట్రైనింగులో జరిగింది. పేర్లు చెప్పను. అందులో ఉన్నవాళ్ళంతా నిక్షేపంగా ఉన్నారు. ఒకాయన ఇప్పటికీ రైతుబజారులో నాకు ఎదురుపడుతుంటాడు.

తెలియనివాళ్ళ కోసం ముందు ఆ పనేమిటో చెప్తాను. ప్రతి దేశం తను గాల్లోకి ఎంత గ్యాస్ వదులుతోందో లెక్క కట్టి బయటపెట్టాలి. బొగ్గు కాల్చినందుకు ఎంత, వరి మడిలో నీళ్ళు నిలిచినందుకు ఎంత, గొడ్లు నెమరేసినందుకు ఎంత, ఇలా అన్నీ. ఆ లెక్క సరిగ్గా కట్టారా లేదా అని వేరే దేశాల నిపుణులు కూర్చుని చూస్తారు. ఎవరి దేశం లెక్క వాళ్ళు చూడకూడదు. ఆ నిపుణులకి కూడా ముందు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పాసైతేనే రానిస్తారు. నేను మాచర్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా చేసినదాన్ని. సున్నపురాయి గుణం తెలుసు కాబట్టి నన్ను మొదట రివ్యూకి పిలిచారు. చానా దేశాల లెక్కలు చూశాక, కొత్తవాళ్ళకి నేర్పమన్నారు.

నేర్పేది నిజానికి అనుమానించడమే. పోయినేడూ ఈ ఏడూ ఒకే అంకె ఉంటే ఆగు. అంకె మరీ గుండ్రంగా ఉంటే ఆగు. అడిగిన వెంటనే తడుముకోకుండా జవాబు వస్తే ఇంకా ఆగు. "లెక్కని అనుమానించండి, మనిషిని కాదు" అని బోర్డు మీద రాసి మొదలుపెట్టేదాన్ని. బోర్డు మీద అది చక్కగానే ఉంటుంది. నెల పొడుగునా అనుమానించడమే పనిగా పెట్టుకున్నవాళ్ళకి భోజనాల దగ్గర మాత్రం అనుమానం ఎట్టా ఆగుతుంది? నా సంగతే చెప్తున్నాను. ఆటోవాడు చిల్లర లేదంటే వాడి జేబు వైపు చూసే రకం అయిపోయాను.

నాతో పాటు ఇంకో ట్రైనర్ ఉండేవాడు. అదే ఫ్యాక్టరీలో కిల్న్ సెక్షన్‌లో, అంటే రాయి కాల్చే బట్టీ దగ్గర చేశాడు. నాకంటే పెద్దవాడు. నన్ను "చెల్లెమ్మా" అనేవాడు, నేను "అన్నయ్యా" అనేదాన్ని. మా ఆయన పోయినప్పుడు పెద్దకర్మ దాకా దగ్గరుండి అన్నీ చూసింది ఆయనే. మంచి మాటకారి. ఒక్కటే పిచ్చి, ప్రతి ఇంగ్లీషు మాటకీ తెలుగు చెప్పాలి. ఎమిషన్ అనడు, ఉద్గారం అంటాడు. ఇన్వెంటరీ అనడు, జాబితా అంటాడు. "అన్నయ్యా, ఇది బడి కాదు" అంటే, "మన మాటలు మనం వాడకపోతే ఎవరు వాడతారు చెల్లెమ్మా" అనేవాడు. తెలుగు రాని ట్రైనీలకి కూడా ఆ మాటలు నేర్పి పలికించి సరదాపడేవాడు.

ఆ వేసవిలో ఊళ్ళో ఒక కాలేజీ సెలవుల్లో మాకు హాలు ఇచ్చింది. పక్క దేశాల వాళ్ళు కొందరు, వేరే రాష్ట్రాల వాళ్ళు కొందరు వచ్చారు. అంత దూరం నుంచి పల్నాడు ఎండలోకి ఎందుకు రప్పించానంటే, సున్నపు బట్టీ చూపించడానికి. సున్నపురాయిని కాలిస్తే రాయిలోంచే ఒక గ్యాస్ బయటికొస్తుంది. దాన్ని కాల్చడానికి వేసిన బొగ్గులోంచి ఇంకొంత వస్తుంది. ఈ రెంటినీ వేరువేరు పద్దుల్లో చూపాలి. చానా దేశాల లెక్కల్లో తప్పు దొర్లేది ఇక్కడే. బట్టీ ముందు ఒక్కసారి నిలబడ్డవాడు ఆ తప్పు జన్మలో చెయ్యడు. అందుకని గురజాల దారిలో ఒక బట్టీల వాడకి తీసుకెళ్తామని మా పై ఆఫీసుకి మాటిచ్చాను. అనుమతి సంపాదించే పని అన్నయ్య తీసుకున్నాడు.

వచ్చినవాళ్ళలో ఒక అమ్మాయి ఉంది. వేరే రాష్ట్రంలో గణాంకాల శాఖలో ఉద్యోగం. సన్నగా, ఎప్పుడూ వెనక బెంచీలో, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే ఇంగ్లీషే. పని మాత్రం ఖచ్చితంగా ఉండేది. అభ్యాసం కోసం మేం కల్పించిన దేశం లెక్కలో దాచిపెట్టిన తప్పులన్నీ మొదటి రోజే పట్టేసి, మేం పొరపాటున చేసిన తప్పొకటి కూడా పట్టింది.

కాలేజీ క్యాంటీన్‌లో వంటావిడ ఒక పూట విసుక్కుంటూ వడ్డించే ఆవిడతో, "కారం తగ్గియ్యమంటన్నారే ఈళ్ళు. కారం తగ్గిస్తే అది గోంగూర కాదే, గొడ్డు తినే గడ్డి" అంది. వరసలో ప్లేటు పట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయి పెదవి బిగబట్టి నవ్వాపుకోవడం నేను చూశాను.

తెలుగు వచ్చు. వచ్చని చెప్పడం లేదు. ఎందుకు? ఆ రోజు నుంచి నా కళ్ళు ఆ పిల్ల మీదే ఉన్నాయి. బట్టీల యజమానుల తాలూకు మనిషా? మేం ఏం అడుగుతామో వినడానికి వచ్చిందా? ఇలాంటివి జరగవనుకోకండి. లెక్క ఎక్కడ ఉంటుందో దాన్ని తగ్గించాలనుకునేవాడు అక్కడ ఉంటాడు.

బట్టీకి వెళ్ళే ముందురోజు సాయంత్రం ఆ అమ్మాయి భోజనానికి రాలేదు. అడిగితే తలనొప్పి అని ఆమె రూములో ఉండే ఇంకో అమ్మాయి చెప్పింది.

పొద్దున్నే వ్యానులో బయల్దేరాం. బట్టీ దగ్గరికి వెళ్ళగానే నాకు మొదట తేడా కొట్టింది శుభ్రం. పల్నాడులో పుట్టి పెరిగినదాన్ని, సున్నపు బట్టీ ఎట్టా ఉంటుందో నాకు తెలుసు. చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయి, గొంతులో మంట పుడుతుంది. ఇక్కడ ముగ్గు ఒక్కటే తక్కువ. నేల తడిపారు. పనివాళ్ళ చేతులకి కొత్త గ్లౌజులు. మడత కూడా విప్పకుండా వేసుకున్నట్టున్నారు. యజమాని కొబ్బరిబొండాలు తెప్పించి, "రండి మేడం, ఏం అడుగుతారో అడగండి. మా దగ్గర దాపరికం లేదు" అన్నాడు. దాపరికం లేదని ముందే చెప్పేవాళ్ళంటే నాకు భయం.

పైనుంచి రాయీ బొగ్గూ పొరలు పొరలుగా వేస్తున్నారు. కింద కాలిన సున్నం లాగుతున్నారు. ట్రైనీలు ప్రశ్నలు మొదలుపెట్టారు, మేం తెలుగులో అడిగి జవాబులు ఇంగ్లీషులో చెప్తున్నాం. మేస్త్రీని టన్ను సున్నానికి బొగ్గు ఎంత పడుతుందని అడిగాం. బట్టీ మేస్త్రీ ఎవడైనా ఇన్ని తట్టలు, ఇన్ని ట్రాక్టర్లు అంటాడు. ఇతను మేం పాఠంలో చెప్పే అంకె, దశాంశంతో సహా, గోడ వైపు చూస్తూ అప్పజెప్పాడు. ట్రైనీలు సంతోషంగా రాసుకున్నారు. పుస్తకంలో ఉన్నది కళ్ళముందు నిజమైతే ఎవరికి సంతోషం ఉండదు?

తర్వాత రాయి ఏరుతున్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాం. అందులో ఒకావిడ, నలభై దాటి ఉంటాయి, తలకి తువ్వాలు చుట్టుకుంది. "ఏం పనమ్మా నీది?" అని అడిగాను. అంతే అడిగాను.

ఆవిడ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "రాయి, బొగ్గు, అంతేనండి. ప్రత్యామ్నాయ ఇంధనం వాడటంలేదండి" అంది.

"ప్రత్యామ్నాయ" దగ్గర కొద్దిగా తడబడింది. మళ్ళీ మొదటి నుంచి సరిగ్గా చెప్పింది. పక్కావిడని అడిగితే ఆవిడా అదే. కింద సున్నం లాగేవాడూ అదే.

అడగని ప్రశ్నకి జవాబు వచ్చింది. బొగ్గు కాకుండా వేరే ఏమన్నా కాలుస్తారా అన్న ప్రశ్న మా కాగితంలో తర్వాతెప్పుడో ఉంది, ఇంకా నోటికి రాలేదు. ఇంకొకటి గమనించాను. ఆ తువ్వాలు చుట్టుకున్నావిడ మాట్లాడినంతసేపూ నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. తిరిగి చూస్తే వెనక ఆ అమ్మాయి, తల వంచుకుని నోట్సు రాస్తున్నట్టుంది. చెయ్యి కదలడం లేదు.

తిరుగు దారిలో వ్యాను ముందు సీట్లో అన్నయ్యని మెల్లగా అడిగాను.

"ఆవిడ నోట ఆ మాట ఎట్టా వచ్చిందన్నయ్యా?"

"ఏ మాట?"

"ప్రత్యామ్నాయ ఇంధనం."

కాసేపు కిటికీలోంచి మిరప కల్లాల వైపు చూశాడు. "ఈ రోజుల్లో టీవీలు చూస్తన్నారు చెల్లెమ్మా అందరూ" అన్నాడు.

నేను నోట్సు తీసి ఆ మాట కింద గీత గీశాను. నాతో ఏళ్ళ తరబడి పని చేసిన మనిషి, నేను గీత గీస్తే ఏమిటో ఆయనకి తెలుసు.

మర్నాడు క్లాసు మొదలవక ముందే నన్ను వరండాలోకి పిలిచాడు. మొహం సీరియస్‌గా పెట్టాడు. "నీ అనుమానం నిజమే. ప్రశ్నలు బయటికి పోయినయ్. ఎవరో కూడా తెలిసింది. ఆ వెనక బెంచీ పిల్ల. మొన్న సాయంత్రం బట్టీల కాలనీలోంచి బయటికి వస్తుంటే మన వ్యాను డ్రైవరు చూశాడంట. ఆ పిల్లకి తెలుగు కూడా వచ్చంట."

"డ్రైవరు నీకెప్పుడు చెప్పాడు?"

"ఇప్పుడే. ఇట్టాంటివాళ్ళని పరీక్ష రాయనిస్తే మన పేరు పోద్ది. ఈ రోజే పంపించేద్దాం. నేను మాట్లాడతాలే, నువ్వు బాధపడమాక."

ఆధారం అంతా ఆ అమ్మాయి వైపే చూపిస్తోంది. తెలుగు దాచింది, తలనొప్పని చెప్పి బయటికి పోయింది, ఆ బట్టీ ఆవిడ ఆమె వైపే చూసింది. అన్నీ అతికినట్టు సరిపోయాయి. అంత బాగా సరిపోవడమే నాకు నచ్చలేదు. దానికంటే నచ్చనిది అన్నయ్య తొందర. ఆయన ఎవరినీ పంపించే రకం కాదు. పరీక్షలో కాపీ కొట్టినవాడికి కూడా ఇంకో అవకాశం ఇమ్మని నాతో పోట్లాడిన మనిషి.

"నేను మాట్లాడి చెప్తా" అన్నాను.

ఆ అమ్మాయిని ఖాళీగా ఉన్న కెమిస్ట్రీ ల్యాబులోకి తీసుకెళ్ళాను. ఇద్దరం స్టూళ్ళ మీద కూర్చున్నాం. తెలుగులోనే అడిగాను, "ఏ ఊరమ్మా మీది?"

నా వైపు చూసింది. అబద్ధం చెప్పాలా వద్దా అని లెక్క చూసుకుంటున్నట్టు. తర్వాత నోరు విప్పితే అచ్చం మా ఊరి తెలుగు.

"రొంపిచెర్ల దగ్గర మేడం. మా అమ్మా పిన్నీ పెళ్ళిళ్ళు కాకముందు నుంచి బట్టీల్లోనే చేశారు. అమ్మ పోయింది. పిన్ని ఇంకా చేస్తంది. నిన్న మీతో మాట్లాడింది పిన్నే."

"మరి తెలుగు రాదన్నట్టు ఎందుకున్నావు?"

"రాదని నేను చెప్పలేదు మేడం, ఎవరూ అడగలేదు. వచ్చంటే ఏ ఊరంటారు. ఊరు చెప్తే ఏ బజారంటారు. ఆ తర్వాత ఏం అడుగుతారో మీకు తెలుసు. చర్చి ఏ వైపునుందో కూడా అడుగుతారు. ఇంగ్లీషులో అయితే ఆ గొడవ లేదు."

నాకు తెలుసు. తెలియదని ఎట్టా అంటాను?

"ప్రశ్నలు నువ్వు చెప్పావా?"

ఆ పిల్ల కోపగించుకోలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ముందే సిద్ధపడ్డట్టుంది.

"మొన్న సాయంత్రం పిన్నిని చూడ్డానికి పోయాను. పొయ్యి దగ్గర కూర్చుని అన్నం వండుకుంటా ఏందో గొణుక్కుంటంది. ప్రార్థన చేసుకుంటందేమో అనుకున్నా. దగ్గరికి పోయి వింటే, 'ప్రత్యామ్నాయ ఇంధనం, ప్రత్యామ్నాయ ఇంధనం' అంటంది. ఇదేంది పిన్నీ అంటే, 'రేపు పెద్దోళ్ళు వస్తన్నారంట. తప్పు పలికితే మేస్త్రీ తిడతాడు. నువ్వు సదువుకున్నదానివిగా, నేను సరిగ్గా అంటన్నానా సూడు' అని నాకే అప్పజెప్పింది." అంటూ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "మీరే చెప్పండి మేడం. నేను నేర్పదలుచుకుంటే ఆ మాట నేర్పుతానా? 'వేరేవేం కాల్చం' అని నేర్పుతా. మా ఇంట్లో ఆ మాట ఎవరు పలుకుతారు?"

ఎవరు పలుకుతారో ఇద్దరికీ తెలుసు.

"ఎవరు నేర్పారో చెప్పిందా?"

"పేరు తెలవదంట. తెల్ల చొక్కా సారంట. చానా మర్యాదస్తుడంట. అందర్నీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడంట."

"అసలు అక్కడ ఏం కాలుస్తారు?"

తల అడ్డంగా ఊపింది. "అది చెప్పను మేడం. పిన్ని నాకు చెప్పింది, రివ్యూయర్‌కి కాదు."

నా సర్వీసు మొత్తంలో ఒక ట్రైనీ నా ముందు ఇంత సరైన మాట అనడం అదే మొదటిసారి. ఎవరు ఏ హోదాలో చెప్పారో, ఏ మాట ఎక్కడ వాడకూడదో నేను గంటలకొద్దీ పాఠం చెప్పినా కొందరికి ఎక్కదు.

మధ్యాహ్నం అన్నయ్యని సత్తెనపల్లి రోడ్డులో మేం ఎప్పుడూ తాగే టీ బంకు దగ్గరికి రమ్మన్నాను. టీ వచ్చేదాకా ఆగి, "ఆ మాట నీదే అన్నయ్యా" అన్నాను.

కాదనలేదు. గ్లాసు పక్కన పెట్టాడు.

"గేటు తియ్యనన్నాడు చెల్లెమ్మా ఆ ఓనరు. మొన్నామధ్య ఎవరో ఫొటోలు తీసి పేపర్లో వేశారంట, కాలుష్యం ఆఫీసులోళ్ళు వచ్చి నానా గొడవ చేశారంట. మీరు ఏం అడుగుతారో ముందు చెప్తేనే రానిస్తానన్నాడు. నువ్వేమో పై ఆఫీసుకి మాటిచ్చావు. బట్టీ చూపించకపోతే పోయేది నీ పరువే. పిల్లలు చూసేది మంటా రాయీ. నాలుగు జవాబులు అటూఇటూ అయితే కొంపలేం మునగవనుకున్నా."

"సరే. అంతవరకు నాకు అర్థమైంది. నాతో ఒక మాట అంటే బట్టీ మానేసేవాళ్ళం. అది వేరే సంగతి. ఆ పిల్ల పేరు ఎందుకు తెచ్చావు?"

"నువ్వు వదలవని తెలుసు. ఎవరో ఒకరి పేరు రావాల్సొచ్చింది" అన్నాడు, రోడ్డు మీద పోయే రాళ్ళ లారీల వైపు చూస్తూ.

"అంతమందిలో ఆ పిల్లే ఎందుకు?"



బట్టీ మేస్త్రీ ద్వారా ఆమె ఎవరి కూతురో, ఏ బజారు పిల్లో ఆయనకి అప్పటికే తెలిసి ఉంటుందని నాకు అనుమానం. అలాంటి పిల్ల మీద మాటంటే అడిగేవాళ్ళు ఉండరని అనుకున్నాడేమో. ఇప్పటికీ అది అనుమానమే. ఆధారం లేదు కాబట్టి అనుమానమనే రాస్తున్నాను. కాని అది పోలేదు.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు.

"జరిగింది చెప్తాను."

"ఈ ఒక్కటీ నొక్కెయ్యి. ఎవరికి నష్టం? పరీక్ష జరిగిపోద్ది, అందరూ సంతోషంగా పోతారు. ఆ పిల్లని కూడా ఏమీ అనను. నీకు నేనేం చెయ్యలేదని?"

చేశాడు. ఆ మాట అనడానికి ఆయనకి హక్కుంది. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు వరండాలో కింద పడుకున్న మనిషి. టీ చల్లారిపోయింది, ఇద్దరం తాగలేదు. నేను లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున హాల్లో ట్రైనీలందరి ముందూ నిలబడ్డాను. బట్టీ దగ్గర మనం విన్నది ముందే నేర్పిన జవాబులని, ప్రశ్నలు బయటికి పోయింది ట్రైనర్ల వైపు నుంచేనని, ట్రైనీల్లో ఎవరి తప్పూ లేదని చెప్పాను. పై ఆఫీసుకి కూడా అప్పుడే రాసి పంపాననీ, బట్టీ దగ్గర విన్నదాని మీదే పెట్టే మీ పరీక్ష చెల్లకపోవచ్చనీ చెప్పాను. అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. నేను ఆయన పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది, ట్రైనర్లం ఉన్నదే ఇద్దరం.

మీరు అనుకున్నట్టు ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. సెలవులు పెట్టుకుని, అంత దూరం వచ్చి, ఆ ఎండలో మాడినవాళ్ళు. ఒకాయన లేచి, "మీ ఇద్దరి మధ్య గొడవకి మేం బలి కావాలా?" అన్నాడు. ఇంకొకాయన నన్ను పక్కకి పిలిచి, ఇదంతా ఆ ట్రైనర్‌ని తప్పించి మొత్తం నేనే నడుపుకోవడానికి ఆడిన నాటకం కాదు కదా అని చానా మర్యాదగా అడిగాడు. అనుమానించడం నేర్పినదాన్ని నేనే, ఇక ఎవరిని అనగలను?

ఆ పూట వాళ్ళకి ఒక పని ఇచ్చాను. బట్టీ దగ్గర విన్నదాని మీద రివ్యూయర్‌గా ఏం రాస్తారో రాయమన్నాను. కొందరు దొంగ దొరికాడన్నట్టు రాశారు. కొందరు అసలేం జరగనట్టు ఆ అంకెలే వాడేశారు. ఆ అమ్మాయి రాసింది చానా చిన్నది. వేరువేరు పనులు చేసేవాళ్ళు ఒకే మాటలతో జవాబిచ్చారు కాబట్టి ఈ జవాబుల మీద లెక్క కట్టకూడదనీ, ఇంధనం ఎక్కడ కొన్నారో ఎంత కొన్నారో వేరే దారిలో అడగాలనీ రాసింది. బట్టీ ఎక్కడుందో రాయలేదు. పిన్ని ఇంటి దగ్గర విన్న మాట ఒక్కటి కూడా అందులో లేదు. అబద్ధమూ లేదు.

పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. నిజం చెప్పినందుకు ధన్యవాదాలు, ట్రైనీలకి వేరే చోట మళ్ళీ పరీక్ష పెడతాం, ఇకమీదట నరసరావుపేటలో శిక్షణ ఉండదు. నా ట్రైనర్ పని అక్కడితో ఆగిపోయింది. అన్నయ్య తనంతట తనే మానేస్తున్నట్టు రాసిచ్చాడు. ఆ తర్వాత మొదటిసారి రైతుబజారులో కనపడ్డప్పుడు నేనే పలకరించాను. చేతిలో సంచీ ఉంది, పారిపోవడానికి వీల్లేదు.

"బాగున్నారా మేడం గారూ" అన్నాడు.

చెల్లెమ్మా అనే మాట మళ్ళీ ఆయన నోట వినలేదు. దానికి నేనేం చెయ్యగలను? టమాటాల బేరం చేసుకుంటూ నిలబడ్డాను, ఏం కొన్నానో కూడా గుర్తు లేదు.

ఆ అమ్మాయి మళ్ళీ పరీక్ష రాసి పాసైంది. ఇప్పుడు రివ్యూలు చేస్తోంది. పాసైన కొన్నాళ్ళకి నాకు ఫోన్ చేసింది, ఈసారి హలో దగ్గర్నుంచీ తెలుగే. "పిన్నికి దగ్గు ఎక్కువైంది మేడం. డబ్బు పంపితే దాచిపెడతంది గాని డాక్టరు దగ్గరికి పోదు. మందుల చీటీ పంపిస్తాను, కొని ఇచ్చి వస్తారా?" అంది.

మందులు తీసుకుని గురజాల బస్సెక్కాను. ఇంకా బట్టీల వాడ రాకముందే వాసన తగిలింది. రబ్బరు కాలిన వాసన. బస్సులో వాళ్ళు కొంగులు, తువ్వాళ్ళు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. రోజూ ఉండేదేనన్నట్టు.

పిన్ని నన్ను గుర్తుపట్టింది. మందులు తీసుకుని కొంగున కట్టుకుంది. బట్టీ వెనక గోనెల్లో పాత చెప్పుల ముక్కలు, టైర్ల తునకలు కుప్పగా ఉన్నాయి. దాచిపెట్టే ప్రయత్నం కూడా లేదు. నేను అటు చూడటం ఆవిడ చూసింది.

"మీరొచ్చిన నాడు అయ్యన్నీ ఎత్తించేశారమ్మా. ఒట్టి బొగ్గే ఏశారు" అంది. దగ్గు వచ్చి కాసేపు ఆగింది. "ఆ పూట మేమందరం మూతికి గుడ్డలు తీసేసి పని చేశాం. సాయంత్రం పిల్లోళ్ళు కూడా బయట ఆడుకున్నారు."

"పొల్యూషన్ ఆఫీసు వాళ్ళకి నేను చెప్పనా?"

"చెప్తే మూయిస్తారు. మూస్తే ఏం తినాలి? మళ్ళీ ఏ బట్టీకి పోయినా ఇదే." ఏరుతున్న రాయి పక్కన పడేసి నా వైపు తిరిగింది. "మీరు మళ్ళీ ఎప్పుడొస్తారమ్మా? ఊరికే వచ్చి నిలబడి పోండి, చాలు."

ఇంటికొచ్చాక ఆ మాట చానా రోజులు నన్ను వదల్లేదు. నేను నేర్చుకున్న రూల్సు ప్రకారం రివ్యూయర్ పని దొంగని పట్టడం కాదు. ఇప్పుడు నేను రివ్యూయర్ని కాదు, ట్రైనర్ని కాదు. ఎవరూ ఏ పనీ చెప్పని పెన్షన్ మనిషిని.

అప్పట్నుంచి అప్పుడప్పుడూ గొడుగేసుకుని వెళ్తున్నాను. ఒక వారం రెండుసార్లు, ఒకోసారి నెలదాకా పోను. ఏ రోజు వెళ్తానో మా ఇంట్లో కూడా చెప్పను. రోడ్డు పక్కన గేటు ఎదురుగా నిలబడి పొగ వైపు చూస్తాను. ఓనరు మనిషిని పంపిస్తాడు, ఒకోసారి తనే వస్తాడు.

"ఏం కావాలి మేడం?"

"ఏం లేదయ్యా, ఊరికే చూస్తున్నా."

ఆయన నమ్మడు. నా వెనక ఏదో పెద్ద ఆఫీసు ఉందనుకుంటాడు, నా చేతిసంచీ వైపు చూస్తాడు. ఈ మధ్య గోనెల కుప్ప తగ్గిందని పిన్ని చెప్పింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. నిజమే చెప్తున్నాను, నా వెనక ఏ ఆఫీసూ లేదు. కాని ఆయన అది నమ్మనంతకాలం బొగ్గే ఎక్కువ వేస్తాడు.